పక్క సీటులోని పొరుగువాడు

ఫిలిప్పీ చెరసాల అధికారి కథ మనకు కొత్త కాదు. అర్ధరాత్రి పౌలు, సీలలు పాడటం, భూమి కంపించడం, తలుపులు తెరుచుకోవడం, చివరికి ఆ ఇంటివారంతా బాప్తిస్మం పొందడం (అపొ.కా. 16వ అధ్యాయం) సండేస్కూలు పిల్లలు సైతం గడగడా చెబుతారు. కాని మధ్యలో ఒక క్షణాన్ని మనం ప్రసంగాల్లో త్వరగా దాటేస్తాం. ఖైదీలు పారిపోయారనుకున్న ఆ అధికారి కత్తి దూసి తనను తాను చంపుకోబోయాడు. ఖైదీని పోగొట్టుకున్న కావలివాడి గతేమిటో అతనికి తెలుసు. పేతురు తప్పించుకున్నప్పుడు హేరోదు కావలివారిని చంపించాడని అదే గ్రంథం 12వ అధ్యాయం చెబుతోంది. అంటే, డ్యూటీలో ఉండగా, పనిలో పొరపాటు జరిగిందన్న భయంతో ఒక ఉద్యోగి ప్రాణం తీసుకోబోయిన సంఘటన ఇది! అప్పుడు పౌలు ఏం చేశాడు? చీకట్లోనూ గమనించాడు. గట్టిగా కేక వేసి ఆపాడు. మేమెవరమూ ఎక్కడికీ పోలేదని చెప్పాడు. రక్షణ గురించిన ప్రశ్న, వాక్యం, బాప్తిస్మం అన్నీ ఆ తర్వాతి సంగతులు.

ఈ వరుస నాకు ఆలస్యంగా అర్థమైంది. కొన్నేళ్ల క్రితం మా సంఘంలోని ఒక యువకుడు ఆరాధన ముగిశాక వచ్చి, ‘అయ్యగారూ, నెల రోజులుగా నిద్ర లేదు, ఆఫీసుకు వెళ్లాలంటే కాళ్లు వణుకుతున్నాయి’ అన్నాడు. హైదరాబాదులో మంచి జీతంతో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అతని వెనుక మరో పదిమంది ప్రార్థన కోసం నిలబడి ఉన్నారు. తలపై చేయివేసి రెండు నిమిషాలు ప్రార్థించి, ‘విశ్వాసంలో బలపడు నాయనా’ అని పంపేశాను. వేదాంత కళాశాలలో చదివిన కౌన్సెలింగ్ పాఠాల్లో ఒక్కటీ ఆ క్షణాన గుర్తుకు రాలేదు.

మూడు వారాల తర్వాత అతన్ని ఆపింది ఆఫీసులో పక్క సీటులో కూర్చునే అమ్మాయి. ఆమె క్రైస్తవురాలు కాదు. భోజనానికి రావడం మానేశాడని, చిన్న పనికీ గంటలు పడుతోందని, ఒక సాయంత్రం తనకు ఇష్టమైన వస్తువులు తోటివారికి పంచిపెడుతున్నాడని గమనించింది. పక్కకు తీసుకెళ్లి, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగానే అడిగింది. అతను ఏడ్చేశాడట. ఒంటరిగా వదలకుండా అతని అన్నయ్య వచ్చేవరకు కూర్చుంది. మర్నాడే మానసిక వైద్యుడికి చూపించారు. ‘నీకెలా తెలిసిందమ్మా?’ అని తర్వాత నేనడిగితే, ‘ఆఫీసులో రెండు రోజులు ట్రైనింగ్ ఇచ్చారండీ’ అంది.

మెంటల్ హెల్త్ ఫస్ట్ ఎయిడ్ అనే ఈ శిక్షణ 2000లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో పుట్టింది. బెట్టీ కిచెనర్ అనే నర్సు స్వయంగా డిప్రెషన్ అనుభవించినవారు. ఆమె భర్త ఆంథొనీ జోర్మ్ ఈ రంగంలో పరిశోధకులు. కుక్కను తీసుకుని నడకకు వెళ్లినప్పుడు వారి మాటల్లో ఈ ఆలోచన వచ్చిందట. దెబ్బ తగిలితే కట్టు కట్టడం నేర్పుతాం, మనసు కుంగితే ఏం చేయాలో ఎందుకు నేర్పం? అంతే. దగ్గరికి వెళ్లి మాట కలపడం, తీర్పు తీర్చకుండా వినడం, ధైర్యంతోపాటు సరైన సమాచారం ఇవ్వడం, వైద్యుడి దగ్గరికి వెళ్లేలా ప్రోత్సహించడం, కుటుంబం, స్నేహితులు, సంఘం వంటి ఆసరాను దగ్గర చేయడం నేర్పుతారు. ఆత్మహత్య గురించి అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని చాలామంది భయపడతారు. నేనూ భయపడేవాణ్ణి. అలా జరగదని, అడగడమే మేలని నిపుణులు చెబుతున్నారు.

ఇందులో మనకు కష్టమైనది వినడమే. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మౌనంగా అతనితో నేలపై కూర్చున్నారు (యోబు 2:13). అంతవరకు వారు మంచి స్నేహితులే! నోరు తెరిచాకే చెడింది. డిప్రెషన్‌ను అవిశ్వాసమనీ, దయ్యమనీ, రహస్య పాపమనీ నిర్ధారించేసే మనవాళ్లు ఆ స్నేహితుల వంశమే. బదరీ వృక్షం కింద చావు కోరుకున్న ఏలీయాకు దేవుడు ముందుగా పంపింది రొట్టె, నీళ్లు, నిద్ర.

అయితే ఈ శిక్షణను మంత్రదండం అనుకోకూడదు. నేర్చుకున్నవారికి అవగాహన, ధైర్యం పెరుగుతున్నాయని అధ్యయనాలు చూపాయి గాని, సాయం అందుకున్నవారి ఆరోగ్యం ఎంత మెరుగవుతోందో చెప్పడానికి తగిన ఆధారాలు లేవని 2023లో కొక్రేన్ సమీక్ష తేల్చింది. అర్ధరాత్రి దాకా పని, నలుగురిలో తిట్లు అలాగే ఉంచి, గోడమీద పోస్టరు అతికించి చేతులు దులుపుకునే యాజమాన్యాలూ లేకపోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు మేనేజర్లకు శిక్షణ ఇవ్వాలంటూనే, పని పరిస్థితులనూ సరిచేయమన్నాయి. మన విశ్వాసుల్లో యజమానులూ ఉన్నారు. ఈ మాట వారికోసం!

చాద్ వారా అనే ఆంగ్లికన్ గురువు 1935లో ఇంగ్లండ్‌లో పరిచర్య ఆరంభంలోనే 14 ఏళ్ల బాలిక సమాధి కార్యక్రమం జరిపారు. నెలసరి మొదలైతే ఘోరమైన రోగమని భయపడి ఆ పిల్ల ప్రాణం తీసుకుంది. అడగడానికి ఆమెకు ఎవరూ లేరు. ఆయన 1953లో లండన్‌లోని తన చర్చిలో ఫోన్ పెట్టి, నిరాశలో ఉన్నవారిని పిలవమన్నారు. సమరిటన్స్ సంస్థ అలా మొదలైంది. ఆయన కోసం ఎదురుచూసేవారికి టీ ఇచ్చి మాట్లాడటానికి కొందరు వాలంటీర్లు కూర్చునేవారు. చాలామంది వారితో మాట్లాడాక, గురువుగారిని చూడకుండానే తేలికపడి వెళ్లిపోవడం ఆయన గమనించారు. మరుసటి ఏడాదే వినే పనిని వారికే అప్పగించేశారు. కాపరులమైన మనకు ఇది మింగుడుపడటం కష్టమే!

మన దేశంలో 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్‌కు 14416 నంబరులో 24 గంటలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. మా చర్చి నోటీసు బోర్డు మీద ఇప్పుడు ఆ నంబరు ఉంది. ఆరాధన అయ్యాక ప్రార్థన వరుసకు కాస్త దూరంగా నాలుగు కుర్చీలు, టీ ఫ్లాస్కు పెడుతున్నాం. ఒక రిటైర్డ్ నర్సమ్మ, ఒక స్కూలు టీచరు అక్కడ కూర్చుంటున్నారు. పోయిన నెల ఆ యువకుడు వచ్చి తానూ కూర్చుంటానన్నాడు. ముందు డాక్టరుగారిని అడిగి రమ్మన్నాను.