ఊదారంగు పోతే షుగర్ పోయినట్టేనా?

కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె పేరు పేపర్లలో పడేది యురేనియం గని వల్ల. ఊరి పేరులో ఉన్నది మాత్రం తుమ్మచెట్టు. దాని బెరడుతో వెనకటి నుంచీ తోళ్లు పదును చేసేవాళ్లు. ఆ పని చేసేది బెరడులోని వగరు, అంటే టానిన్లు. మొక్కల్లో షుగరు మందు వెతికే ప్రయోగశాలలు మొదట పట్టుకునే పదార్థాల్లో ఈ వగరు కూడా ఒకటి.

షుగరుకూ వగరుకూ సంబంధమేమిటి? రక్తంలో చక్కెర ఎక్కువకాలం ఎక్కువగా ఉంటే కణాల్లో ఫ్రీ రాడికల్స్ పెరుగుతాయి. కళ్లు, మూత్రపిండాలు, నరాలు దెబ్బతినడంలో వాటికీ చెయ్యి ఉంది. వాటిని అణిచేవి యాంటీ ఆక్సిడెంట్లు; వగరు టానిన్లు అలాంటివే. అందుకే ఒకే మొక్కకు యాంటీ ఆక్సిడెంట్ పరీక్ష, షుగరు పరీక్ష జంటగా చేస్తారు.

ముందు ఆకో కాయో బెరడో నీడన ఆరబెట్టి పొడి కొడతారు. ఆ పొడిని నీళ్లలో, ఆల్కహాల్‌లో, హెక్సేన్‌లో విడివిడిగా నానబెట్టి వడగట్టి, ద్రవాన్ని ఆవిరి చేస్తారు. అడుగున మిగిలేది సారం. దాన్ని డీపీపీహెచ్ అనే ముదురు ఊదారంగు ద్రావణంలో కలుపుతారు. సారంలో యాంటీ ఆక్సిడెంట్ గుణం ఉంటే ఊదా వెలిసి పసుపు తేలుతుంది. 517 నానోమీటర్ల కాంతి దగ్గర యంత్రం ఆ మార్పును కొలుస్తుంది. సగం రంగు పోవడానికి ఎంత తక్కువ సారం పడితే అంత బలమైనదని లెక్క. పక్కన పోలికకు విటమిన్ సి ఉంటుంది.

ఇంట్లో కాచిన టీ డికాక్షన్ పోసినా ఆ ఊదారంగు వెలుస్తుంది! కాబట్టి రంగు పోవడం ఒక్కటే షుగరు మందుకు రుజువు కాదు.

రెండో పరీక్ష ఎంజైములది. అన్నంలోని పిండిని చక్కెరగా విడగొట్టే ఆల్ఫా అమైలేజ్, ఆల్ఫా గ్లూకోసైడేజ్‌లను సారం ఎంతవరకు ఆపుతుందో చూస్తారు. ఇదే పని చేసే అకార్బోస్ అనే మందుతో పోలుస్తారు. గాజు గొట్టంలో గెలిచిన సారం కడుపులో చెడకుండా నిలిచి ఒంట్లోనూ పనిచేస్తుందన్న హామీ లేదు. అందుకే ఎలుకల దాకా వెళ్లాలి.

రాయలసీమ నల్లరేగడి చేలల్లో దొరికే చేదు కాసరకాయ ఆ దారిలోనే నడిచింది. కాకరకు చుట్టమైన ఈ చిన్న కాయపై రాయలసీమ బయోకెమిస్ట్రీ పరిశోధకులు చేసిన పని 1999, 2001లలో జర్నల్ ఆఫ్ ఎథ్నోఫార్మకాలజీలో వచ్చింది. అలోక్సాన్ అనే రసాయనంతో ఎలుకల్లో ఇన్సులిన్ కణాలను దెబ్బతీసి, షుగరు తెప్పించి, మొదట కాసరకాయ పొడి, తర్వాత సారం ఇచ్చారు. నీటితో తీసిన సారం కిలో బరువుకు అరగ్రాము ఇచ్చినప్పుడు చక్కెర బాగా తగ్గింది. ఎర్రచందనం బెరడు, శేషాచలం కొండల్లోని తెల్లకరక మీద కూడా ఇలాంటి ప్రయోగాలే జరిగాయి.

ఆ అరగ్రాము మనిషికెంత? కిలోకు ఎలుకకిచ్చే మోతాదును సుమారు 6తో భాగించడం వాడుకలో ఉన్న లెక్క. ఆ ప్రకారం 60 కిలోల మనిషికి దాదాపు 5 గ్రాముల ఎండుసారం కావాలి. 5 గ్రాముల కాయలు కాదు, సారం. ఒక గరిటె కాసరకాయ వేపుడు దానికి సాటి రాదు.

మనుషుల దాకా వచ్చిన మొక్కలు కొద్ది. యేగిస అనే చెట్టు చెక్క గ్లాసులో రాత్రి నీళ్లు పోసి పొద్దున తాగడం చాలా ఇళ్లలో తెలిసిన వైద్యమే. భారత వైద్య పరిశోధన మండలి ఈ చెక్క సారాన్ని కొత్తగా షుగరు బయటపడ్డ 97 మందికి ఇచ్చి చూసింది. 12 వారాల్లో 67 మందికి, అంటే 69 శాతానికి, చక్కెర అదుపులోకి వచ్చిందని 1998లో ప్రకటించింది. మంచి ఫలితమే. అయితే సారం తీసుకోని వాళ్లతో పోలిక అందులో లేదు. ఆహారం మార్చుకోవడం వల్ల తగ్గిందెంతో విడదీసి చెప్పలేం. కాకరకాయ మీద పోలికతో జరిగిన నాలుగు ప్రయోగాలను, 479 మంది వివరాలను, కాక్రేన్ సంస్థ 2012లో జల్లెడ పట్టింది. షుగరుకు మందుగా సిఫారసు చేయడానికి ఆ ఆధారాలు చాలవని తేల్చింది.

మొక్క నుంచి మందు రాదనుకుంటే పొరపాటు. ఈరోజు కోట్లమంది మింగుతున్న మెట్‌ఫార్మిన్‌కు మూలం యూరప్‌లో పెరిగే గలేగా అనే మొక్క. అందులోని గలెజిన్ చక్కెరను తగ్గించేది, కానీ విషం కూడా. దానికి దగ్గరి రసాయనమైన మెట్‌ఫార్మిన్‌ను 1922లో తయారు చేశారు. షుగరు రోగులపై దాని ఫలితాలను ఫ్రెంచి వైద్యుడు జాన్ స్టెర్న్ ప్రకటించేసరికి 1957 వచ్చింది. మధ్యలో 35 ఏళ్లు.

కాబట్టి కాసరకాయ వేపుడు దొరికితే నిరభ్యంతరంగా తినండి. షుగరుకని పొడపత్రి ఆకు పొడో, యేగిస నీళ్లో తీసుకుంటుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. షుగరు మాత్రలతో కలిసి చక్కెర మరీ పడిపోవచ్చు. మాత్రలు మాత్రం సొంతంగా మానకండి.