విదేశీ ఆర్డర్ మెయిల్ స్పామ్‌లో పడుతోందా? ఫార్వర్డింగ్ ఒకసారి చూసుకోండి!

గుంటూరు మిర్చి చైనా, బంగ్లాదేశ్, శ్రీలంక సహా పలు దేశాలకు వెళ్తుంది. ధర అడుగుతూ వచ్చిన మెయిల్ ఆలస్యంగా చూస్తే బేరం చేజారినట్టే. కంపెనీ పేరుతో అడ్రస్ పెట్టుకుని, దానికొచ్చే మెయిల్స్‌ను జీమెయిల్‌కు ఫార్వర్డ్ చేసుకునే వ్యాపారులకు ఇక్కడే చిక్కు.

ఎందుకిలా?
మెయిల్ రాసింది కొనుగోలుదారు. జీమెయిల్‌కు చేరవేసింది మాత్రం ఫార్వర్డింగ్ సర్వర్. దీంతో పంపిన సర్వర్‌ను సరిచూసే ఎస్‌పీఎఫ్ తనిఖీ ఫెయిలవుతుంది. డీకిమ్ అనే డిజిటల్ సంతకం చెదరకపోతే మెయిల్ గట్టెక్కే వీలుంది.

మరో ముప్పు..
వచ్చిన స్పామ్ అంతా అలాగే ఫార్వర్డ్ అయితే, ఆ సర్వరే స్పామ్ పంపుతోందని జీమెయిల్ లెక్కేస్తుంది. తాలు కాయలు ఏరకుండా కలిపేస్తే టిక్కీ మొత్తానికి ధర పడిపోయినట్టే, మంచి మెయిల్స్ కూడా స్పామ్‌లోకి పోతాయి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ నిబంధనలు కఠినమయ్యాయి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు.

ఏం చేయాలి?
స్పామ్‌ను ముందే వడకట్టి, ఎస్ఆర్ఎస్ పద్ధతిలో తన చిరునామాతో పంపే సర్వీసునే ఎంచుకోవాలి. స్పామ్ ఫోల్డర్ రోజూ చూడాలి. అసలైన మెయిల్ అందులో ఉంటే 'నాట్ స్పామ్' నొక్కాలి. ఆర్డర్లొచ్చే అడ్రస్‌కైతే ఫార్వర్డింగ్ మానేసి, నేరుగా మెయిల్‌బాక్స్ పెట్టుకోవడమే మేలు.