చిక్కినవాడికీ చికిత్స చేసేవాడికీ యుద్ధంలో రక్షణ



కోయిలకుంట్ల పేరు వినగానే రాయలసీమలో ఎవరికైనా ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గుర్తుకొస్తారు. 1846 జూలైలో ఇక్కడి ఖజానా మీద దాడి చేసి ఈస్టిండియా కంపెనీని ఎదిరించిన ఆయనను 1847 ఫిబ్రవరి 22న ఇక్కడే ఉరితీశారు. అంతటితో వదలలేదు. ఆయన తలను కోట మీద వేలాడదీసి, 1877 వరకు, అంటే ముప్పై ఏళ్లపాటు, జనానికి కనబడేలా ఉంచారని చరిత్ర చెబుతోంది. పట్టుబడినవాడిని ఎట్లా చూడాలి, చనిపోయినవాడి దేహానికి ఏ మర్యాద ఇవ్వాలి అని దేశాలన్నీ ఒప్పుకున్న చట్టం ఆనాటికి లేదు.

ఇప్పుడు ఉంది. అయినా యుద్ధ బాధితుల సహాయానికి చందా అడిగినప్పుడు మన దాతలు కొందరు న్యాయమైన ప్రశ్నే వేస్తున్నారు. "ఆసుపత్రుల మీదనే బాంబులు పడుతుంటే ఆ చట్టం ఎందుకు? మనం పంపే మందులు రోగికి అందుతాయన్న నమ్మకం ఏది?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ఆ చట్టంలో ఏముందో తెలియాలి.

చట్టం ఎట్లా పుట్టింది

గాయపడినవారిని, బందీలను ఆదరించాలన్న మాట మనకు కొత్తది కాదు. మదీనాలో ప్రవక్త మస్జిద్ దగ్గర గుడారం వేసుకుని గాయపడినవారికి సేవ చేసిన హజ్రత్ రుఫైదా గురించి మనం విన్నాం. బద్ర్ యుద్ధంలో పట్టుబడిన శత్రువులను మంచిగా చూడమని దైవప్రవక్త ముహమ్మద్ (స) తన సహచరులకు చెప్పారు. పేదవాడికి, అనాథకు అన్నం పెట్టడంతో సమానంగా ఖైదీకి పెట్టడాన్ని కూడా ఖుర్ఆన్ పుణ్యకార్యంగా లెక్కించింది.

అన్ని దేశాలనూ కట్టిపడేసే రాతపూర్వక చట్టం మాత్రం 19వ శతాబ్దంలో వచ్చింది. 1859 జూన్ 24న ఇటలీలోని సోల్ఫెరినోలో జరిగిన యుద్ధంలో దాదాపు 40 వేల మంది చనిపోయారు, లేదా గాయపడ్డారు. అక్కడికి వ్యాపార పని మీద వచ్చిన హెన్రీ డ్యునాంట్, దిక్కులేక పడివున్న సైనికులను చూసి, ఊరి ఆడవాళ్లను కూడగట్టి, ఏ పక్షమని చూడకుండా సేవ చేయించాడు. ఆయన ప్రయత్నం నుంచే రెడ్‌క్రాస్ పుట్టింది. 1864లో మొదటి జెనీవా ఒప్పందం కుదిరింది. నేడు అమలులో ఉన్న నాలుగు ఒప్పందాలు 1949 ఆగస్టు 12 నాటివి. భారతదేశం వాటిని 1950లో ఆమోదించి, 1960లో జెనీవా ఒప్పందాల చట్టం చేసింది.

వైద్యులకు ఉన్న రక్షణ

గాయపడి ఆయుధం వదిలినవాడు ఇక శత్రువు కాడు, రోగి. ఈ ఒప్పందాలకు ఇదే పునాది. ఎవరికి ముందు వైద్యం చేయాలన్నది గాయం తీవ్రతను బట్టే ఉండాలి. వాడు ఏ దేశంవాడు, ఏ మతంవాడు అన్నది చూడకూడదు.

ఆ రోగిని బతికించాలంటే వైద్యుడు బతికుండాలి. అందుకే డాక్టర్లు, నర్సులు, స్ట్రెచర్ మోసేవాళ్లు, అంబులెన్సులు, ఆసుపత్రుల మీద దాడి చేయకూడదు. సైన్యపు వైద్యుడు శత్రువుకు చిక్కినా అతడు యుద్ధఖైదీ కాడు. తోటి ఖైదీలకు వైద్యం అవసరమైనంత వరకే అతణ్ణి ఉంచుకోవచ్చు, ఆ తర్వాత పంపేయాలి. తనను, తన రోగులను కాపాడుకోవడానికి అతని దగ్గర చిన్న ఆయుధం ఉన్నంత మాత్రాన రక్షణ పోదు. ఆసుపత్రిని ఆయుధాలు దాచడానికో, దాడి చేయడానికో వాడితే మాత్రం పోతుంది. అప్పుడు కూడా ముందు హెచ్చరించి, తగిన గడువు ఇవ్వాలి.

సేవా సంఘాలు గుర్తుపెట్టుకోవలసిన మాట ఇంకొకటి ఉంది. గాయపడినవాడికి సేవ చేశాడన్న కారణంతో మామూలు పౌరుణ్ణి కూడా వేధించకూడదు, శిక్షించకూడదు.

మన దేశపు ముస్లింలు ఇటువంటి సేవకు వంద ఏళ్ల కిందటే చందాలు ఇచ్చారు. 1912లో బాల్కన్ యుద్ధం జరుగుతున్నప్పుడు గాయపడిన టర్కీ సైనికుల కోసం డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ నాయకత్వంలో ఒక వైద్య బృందం బయలుదేరింది. ఆయన కుటుంబం హైదరాబాదులో స్థిరపడింది. ఆయన మద్రాసు మెడికల్ కాలేజీలో, తర్వాత ఇంగ్లండులో చదివారు. ఊరూరా పోగుచేసిన విరాళాలతో నడిచిన ఆ బృందం 1913 వేసవిలో తిరిగి వచ్చింది. ఆ దాతల పేర్లు చాలావరకు ఎవరికీ తెలియవు. వారి రూపాయలు కట్టుగుడ్డలుగా, మందులుగా మారి ముక్కూముఖం తెలియనివారి ప్రాణాలు నిలిపాయి.

ఖైదీకి ఉన్న హక్కులు

యుద్ధఖైదీ తన పేరు, ర్యాంకు, పుట్టిన తేదీ, సైన్యపు నంబరు చెబితే చాలు. మిగతా సంగతుల కోసం అతణ్ణి కొట్టకూడదు, బెదిరించకూడదు. జనం మధ్య నిలబెట్టి వింతగా చూపించకూడదు. కడుపుకు అన్నం, ఉచిత వైద్యం, నెలకోసారి వైద్య పరీక్ష, తన మతం ప్రకారం ప్రార్థన, ఇంటికి ఉత్తరాలు, ఇవన్నీ అతని హక్కులు. రెడ్‌క్రాస్ ప్రతినిధులు వచ్చి అతనితో ఒంటరిగా మాట్లాడవచ్చు. పోరు ఆగాక ఆలస్యం చేయకుండా ఇంటికి పంపాలి. చనిపోతే గౌరవంగా, వీలైతే తన మతాచారం ప్రకారమే అంత్యక్రియలు జరపాలి.

దేశంలోపలి తిరుగుబాట్లకు కూడా కనీస రక్షణ ఉంది. నాలుగు ఒప్పందాలకూ ఉమ్మడిగా ఉన్న మూడో నిబంధన ప్రకారం, చిక్కినవాడిని హింసించడం, అవమానించడం, సరైన న్యాయస్థానం తీర్పు లేకుండా చంపడం నిషిద్ధం.

చట్టాన్ని కాలరాస్తే ఇక లాభమేమిటి?

కాలరాయడం నిజమే. 2015 అక్టోబరు 3న ఆఫ్ఘనిస్తాన్‌లోని కుందూజ్‌లో సరిహద్దుల్లేని వైద్యుల సంస్థ నడుపుతున్న ఆసుపత్రి మీద అమెరికా విమానం దాడి చేసింది. రోగులు, వైద్య సిబ్బంది, వెంట వచ్చినవాళ్లు కలిసి 42 మంది చనిపోయారు. 2016 మే నెలలో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఇటువంటి దాడులను ఖండిస్తూ 2286వ తీర్మానం చేసింది. ఆ తర్వాత కూడా దాడులు ఆగలేదు.

కానీ చట్టం పనిచేసిన చోట్లు కూడా చూడాలి. తెలుగు కుటుంబానికి చెందిన ఫ్లైట్ లెఫ్టినెంట్ కంభంపాటి నచికేత 1999 మే 27న కార్గిల్ యుద్ధంలో మిగ్-27 నడుపుతుండగా ఇంజన్ ఆగిపోయి పారాచూట్‌తో దిగి పాకిస్తాన్ సైనికులకు చిక్కారు. మొదట సైనికులు తనను కొట్టారనీ, ఒక పై అధికారి వచ్చి వారిని ఆపాడనీ ఆయన తర్వాత చెప్పారు. ఆయనను విలేకరుల ముందు అప్పగించే ఏర్పాటు జరిగితే, అది జెనీవా ఒప్పందానికి విరుద్ధమని తాను వెళ్లడానికి ఒప్పుకోలేదని అప్పటి భారత హైకమిషనర్ జి. పార్థసారథి వివరించారు. చివరకు జూన్ 3న ఆయనను రెడ్‌క్రాస్‌కు అప్పగించారు. ఆ తర్వాత ఆయన వాఘా సరిహద్దు దాటి ఇంటికి చేరారు. యుద్ధమని ఎవరూ ప్రకటించకపోయినా ఒప్పందం వర్తించింది. ఆపిన అధికారికీ, ఒప్పుకోని హైకమిషనర్‌కూ హద్దు ఎక్కడుందో తెలుసు. అది తెలిసినవాళ్లు ఎక్కువయ్యేకొద్దీ ప్రాణాలు దక్కుతాయి. దాతల ప్రశ్నకు ఇదే జవాబు.

గుర్తు విషయంలో మన బాధ్యత

యుద్ధభూమిలో అంబులెన్సును కాపాడేది దాని మీద ఉన్న గుర్తు. తెల్లని నేల మీద ఎర్ర శిలువ గానీ, ఎర్ర నెలవంక గానీ కనబడితే కాల్చకూడదు. ఎర్ర నెలవంకను 1876లో రష్యాతో గొడవల కాలంలో టర్కీ వాడడం మొదలుపెట్టింది. 1929 ఒప్పందం దాన్ని అధికారికంగా గుర్తించింది.

మన ఊళ్లలో మందుల షాపుల బోర్డుల మీద, డాక్టర్ల కార్ల మీద, ప్రైవేటు అంబులెన్సుల మీద ఎర్ర శిలువ కనబడుతూనే ఉంటుంది. 1960 చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎర్ర శిలువను, ఎర్ర నెలవంకను ఎవరూ వాడకూడదు. వాడితే 500 రూపాయల వరకు జరిమానా ఉంది. జరిమానా చిన్నదే. కానీ కనబడిన ప్రతిచోటా వాడేస్తే ఆ గుర్తుకు విలువ పోతుంది. విలువ పోయిన గుర్తు యుద్ధంలో ఎవరినీ కాపాడదు. మంచి ఉద్దేశంతోనే అయినా మన సంఘాల అంబులెన్సు మీద, వైద్య శిబిరం బ్యానర్ మీద ఎర్ర నెలవంక వేయించవద్దు. "అంబులెన్స్" అని పెద్ద అక్షరాలతో రాయిస్తే సరిపోతుంది.

చందా ఇచ్చే ముందు

యుద్ధ బాధితుల కోసం ఎవరైనా చందా అడిగితే మూడు ప్రశ్నలు అడగండి. ఆ సంస్థకు మన ప్రభుత్వ గుర్తింపు, విదేశాలకు సహాయం పంపే అనుమతి ఉన్నాయా? ఏ పక్షమని చూడకుండా గాయపడినవారందరికీ వైద్యం చేస్తుందా? లెక్కలు, రసీదులు చూపిస్తుందా? మూడింటికీ అవునంటే మనసారా ఇవ్వండి. అడగడం అనుమానించడం కాదు. అమానతుగా ఇచ్చిన డబ్బును కాపాడటం అది.

ఇంకొక పని డబ్బు లేకుండానే చేయవచ్చు. కోట మీద నరసింహారెడ్డి తల వేలాడిన కథ మన పిల్లలకు చెప్పేటప్పుడు, అట్లా చేయడం ఈనాడు ఏ ప్రభుత్వానికైనా నేరమేనని కూడా చెప్పండి. రేపు వారిలో ఎవరో ఒకరు సైన్యంలోనో, పోలీసులోనో, ఆసుపత్రిలోనో ఉంటారు. చిక్కినవాడు ఎదురుగా ఉన్నప్పుడు ఆ మాట గుర్తుంటే చాలు.