గుండె చెప్పేది, పెడల్ చెప్పేది

మన రావల్కోల్ ఎండల్లో గది తలుపులేసుకుని ట్రైనర్ మీద సైకిల్ తొక్కి చూడండి. వేగం పెంచకపోయినా గుండె వేగం పెరుగుతూనే ఉంటుంది. ఒంటికి గాలి తగలదు కదా, చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్ళుతుంది, చెమటగా నీళ్ళు పోతాయి. అందుకే ఛాతీ బెల్టు అంకె ఒక్కటే చూసి శ్రమను కొలవలేం.

1986లో జర్మన్ ఇంజనీర్ ఉల్రిచ్ షోబెరర్ క్రాంక్‌కే స్ట్రెయిన్ గేజ్‌లు అతికించాడు. లోహం వెంట్రుకవాసి వంగినా వాటి నిరోధం మారుతుంది, దాన్నిబట్టి టార్క్ తెలుస్తుంది. టార్క్‌ని కోణీయ వేగంతో గుణిస్తే వాట్లు. నిమిషానికి 90 చుట్లు, 21.2 న్యూటన్ మీటర్లు అంటే దాదాపు 200 వాట్లు.

వాట్లు మనం చేసిన పని, గుండె వేగం దానికి ఒళ్ళు కట్టిన ఖరీదు. నేను రెండూ పక్కపక్కనే చూస్తాను. అవే వాట్లకు గుండె రోజూకన్నా బాగా ఎక్కువ కొట్టుకుంటోందా? దిగిపోండి, ఫ్యాన్ వేసుకుని నీళ్ళు తాగండి.