మీకు తెలుసా? బాటిల్‌బ్రష్ కింద కలుపు పెద్దగా మొలవదు!

వేలాడే ఎర్రటి పూలతో మన పార్కుల్లో కనిపించే బాటిల్‌బ్రష్ చెట్టు పుట్టిల్లు ఆస్ట్రేలియా. 1977లో కాలిఫోర్నియాలో ఓ శాస్త్రవేత్త ఈ చెట్ల కింద కలుపు పెద్దగా మొలవడం లేదని గమనించారు. ఆరా తీస్తే లెప్టోస్పెర్మోన్ అనే రసాయనం దొరికింది. పత్రహరితాన్ని ఎండ ధాటి నుంచి కాపాడే కెరోటినాయిడ్లు తయారు కాకుండా ఇది అడ్డుపడుతుంది. దాంతో మొలకలు తెల్లగా పాలిపోయి చచ్చిపోతాయి. పొరుగువాడిని ఎండకు వదిలేసి చంపడమన్నమాట!

అయితే సహజ రూపంలో దాని జోరు తక్కువ. అందుకే ఆ అణువుకు మార్పులు చేస్తూ పోయి మీసోట్రయోన్ అనే కలుపుమందు తయారుచేశారు. 2001లో మార్కెట్లోకి వచ్చిన ఈ మందును మొక్కజొన్న చేలలో వాడతారు. మొక్కజొన్న మాత్రం దాన్ని తనలోనే వేగంగా విరిచేసుకుని తట్టుకుంటుంది.