బోర్డు అంచున ల్యాన్ పోర్టు

హైదరాబాద్‌లోని సీతాఫల్‌మండి పక్కనే సికింద్రాబాద్. దేశంలోని రైల్వే రిజర్వేషన్ కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపిన ‘కాన్సర్ట్’ వ్యవస్థ 1994 సెప్టెంబరులో మొట్టమొదట నడిచింది అక్కడే. 1999 నాటికి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై కూడా దానితో కలిశాయి. ఇటు తార్నాక వైపు వెళ్తే, 1957 నుంచి రైల్వే సిగ్నల్, టెలికాం సిబ్బందికి శిక్షణనిస్తున్న ఇరిసెట్ ఉంది. యంత్రాల మధ్య మాటలు నడిపే విద్య ఈ చుట్టుపక్కలకు పాతదే.

ఆ విద్య ఇప్పుడు ఏటీఎం కార్డంత బోర్డులో ఇమిడి ఇంజినీరింగ్ పిల్లల బల్ల మీదికి వచ్చింది. రాస్ప్‌బెర్రీ పై లాంటి బోర్డు కొన్నవాళ్లు ముందు వైఫై వెతుకుతారు. అంచున ఉన్న ల్యాన్ పోర్టును, అంటే ఈథర్‌నెట్ పోర్టును, చాలామంది ముట్టుకోరు. దాని చరిత్ర తెలిస్తే అలా వదిలెయ్యబుద్ధి కాదు.

1973 మే 22న కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనశాలలో బాబ్ మెట్‌కాఫ్ ఒక మెమో రాశాడు. ఈథర్‌నెట్ అన్న పేరు అందులోనే పుట్టింది. డేవిడ్ బాగ్స్‌తో కలిసి దాన్ని పనిచేయించాడు. హవాయి దీవుల్లోని ఆలోహానెట్ రేడియో వ్యవస్థ వాళ్లకు దారి చూపింది. అందులో ఎవరికి అవసరమైతే వాళ్లు సందేశం పంపేవారు. రెండు సందేశాలు ఢీకొంటే ఎవరికి వారు కాసేపు ఆగి మళ్లీ పంపేవారు. మెట్‌కాఫ్ దీనికి ఒక మర్యాద నేర్పాడు: ముందు విను, తీగ ఖాళీగా ఉంటేనే మాట్లాడు. మొదటి వేగం సెకనుకు 2.94 మెగాబిట్లు. అన్ని యంత్రాలకూ ఒకటే కేబుల్.

1990లో రెండు మార్పులు వచ్చాయి. టెలిఫోన్ తీగల్లాంటి మెలితిప్పిన జతల మీద ఈథర్‌నెట్ నడపడానికి ప్రమాణం ఖాయమైంది. వినోద్ భరద్వాజ్, లారీ బ్లెయిర్ స్థాపించిన ‘కల్పన’ కంపెనీ మొదటి ఈథర్‌నెట్ స్విచ్‌ను తెచ్చింది. స్విచ్‌తో ప్రతి యంత్రానికీ సొంత దారి దొరికింది, ఢీకొనడాల బాధ క్రమంగా పోయింది.

తీగలను ఎందుకు మెలితిప్పుతారు? జతలో ఒక తీగలో సిగ్నల్ వెళ్తుంటే రెండోదానిలో దాని వ్యతిరేక రూపం వెళ్తుంది. పక్కనున్న కరెంటు వైరు నుంచి వచ్చే అలజడి, మెలిక వల్ల రెండింటి మీదా దాదాపు సమానంగా పడుతుంది. అవతలి చిప్ ఆ రెండింటి తేడానే చదువుతుంది కాబట్టి అలజడి కొట్టుకుపోతుంది. ఇంత తేలికైన ఉపాయంతో వంద మీటర్ల దాకా గిగాబిట్ వేగం పోతుందంటే నాకు ఇప్పటికీ అబ్బురమే.

చిన్న బోర్డు మాత్రం ఈ వేగాన్ని వెంటనే అందుకోలేదు. 2012 నాటి మొదటి రాస్ప్‌బెర్రీ పైలో ల్యాన్ పోర్టు యూఎస్‌బీ దారి గుండానే ప్రాసెసర్‌ను చేరేది, 100 మెగాబిట్లే గరిష్ఠం. 2018లో 3బీ ప్లస్‌కు గిగాబిట్ పేరు వచ్చినా ఆ ఇరుకు దారి వల్ల 300 దగ్గరే ఆగిపోయేది. 2019లో నాలుగో తరంతోనే పూర్తి గిగాబిట్ అందింది. సర్వర్ అనదగ్గ బోర్డు అప్పుడే తయారైందని నా అభిప్రాయం.

కలపడం కష్టం కాదు. ఒక కొస రౌటర్‌కు, రెండోది బోర్డుకు. పోర్టు దగ్గర లైట్లు వెలిగితే తీగ కలిసినట్టే. ఐపీ అడ్రస్ రౌటరే ఇస్తుంది. అయితే అది మారవచ్చు. మారకుండా ఉండాలంటే రౌటర్ సెట్టింగ్స్‌లో బోర్డు మ్యాక్ అడ్రస్‌కు ఒక ఐపీని రిజర్వ్ చేయడం మేలు. బోర్డులోనే ఐపీని స్థిరం చేయాలనుకుంటే ఒక జాగ్రత్త: రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లో 2023లో వచ్చిన బుక్‌వార్మ్ వెర్షన్ నుంచి ఆ పని నెట్‌వర్క్ మేనేజర్ చూస్తోంది. పాత పాఠాల్లో చెప్పే డీహెచ్‌సీపీసీడీ ఫైలు దిద్దితే ఫలితం ఉండదు. గిగాబిట్ రావాల్సిన చోట 100 మాత్రమే వస్తోందా? ముందు కేబుల్‌ను అనుమానించండి. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి, 100కు రెండు చాలు.

గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో ప్రతి ఇంటి వైఫై రౌటరూ గాలిలో పోటీ పడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడని ఛానెళ్లు మూడే. రాత్రీ పగలూ నడవాల్సిన బోర్డును ఆ రద్దీకి వదలకండి, తీగ వేయండి. కొనేటప్పుడు అల్యూమినియం మీద రాగి పూత పూసిన చౌక వైరు వద్దని, పూర్తి రాగి వైరే కావాలని అడగండి.