సౌర విద్యుత్ గ్రాఫు: పట్టీ ఎత్తు చూసి మోసపోరాదు

కోల్డ్ స్టోరేజీ మీదగాని, జిన్నింగు మిల్లు షెడ్డు మీదగాని సౌర ఫలకాలు వేయించదలచిన వర్తకునికి కాంట్రాక్టరు కొటేషనుతోపాటు కంప్యూటరు అంచనా నివేదిక కూడా ఇవ్వడం పరిపాటి. ఏడాదికి ఎన్ని యూనిట్లన్న చివరి అంకె ఒక్కటే చూసి సంతకం చేసేవారు కద్దు. ఆ యూనిట్లు ఏ స్థాయి ఉత్పత్తిలో వచ్చేదీ తెలిపే గ్రాఫు లోపలి పేజీల్లో ఉంటుంది. బేరానికి పనికివచ్చేది అదే.

గ్రాఫు అడుగున కిలోవాట్లు, ఎడమ ప్రక్కన యూనిట్లు ఉంటాయి. ఒక్కొక్క నిలువు పట్టీ ఆ స్థాయి వద్ద ఏడాది పొడవునా పోగైన యూనిట్లను తెలుపుతుంది, గంటలను కాదు. పొరపాటు జరిగేది ఇక్కడే. 10 కిలోవాట్ల వద్ద 5,000 యూనిట్ల పట్టీ ఉన్నదంటే ప్లాంటు ఆ స్థాయిలో 500 గంటలు నడిచినట్లు. 50 కిలోవాట్ల వద్ద అంతే ఎత్తు పట్టీకి 100 గంటలు చాలును. మిర్చి యార్డులో తాలు కాయల బస్తాల లెక్క వేరు, రొక్కం లెక్క వేరు కదా! పట్టీలన్నీ కూడితే ఏడాది ఉత్పత్తి రావలెను, రాకుంటే అడగవలసిందే.

ఫలకాలకు 100 కిలోవాట్లని పేరు పెట్టేది 25 డిగ్రీల వేడి వద్ద, చదరపు మీటరుకు 1,000 వాట్ల ఎండలో. వేసవి మధ్యాహ్నం ఫలకం వేడి 60 డిగ్రీలు దాటడం మామూలే. డిగ్రీకి సుమారు 0.35 శాతం చొప్పున 12 శాతం దాకా అక్కడే తరుగు. దుమ్ము, తీగల నష్టం దీనికి అదనం. కనుక 100 దగ్గర పట్టీలు పొట్టిగా ఉంటే లోపమేమీ లేదు. పొడుగ్గా ఉంటేనే అనుమానించాలి: వేడిని, దుమ్మును ఎంతగా లెక్క కట్టారో చూడాలి.

ఇన్వర్టరు 70 కిలోవాట్లదే పెట్టారనుకుందాం. అప్పుడు పట్టీలు 70 వద్ద గోడ కట్టినట్లు ఆగి, చివరి పట్టీ ఒక్కసారిగా లేస్తుంది. చూపుకు లాభంగా తోచే ఆ పట్టీయే నష్టానికి గుర్తు. ఇన్వర్టరు భరించలేక వదిలేసిన కరెంటు ఈ గ్రాఫులో కనిపించదు, నష్టాల పట్టికలో వెతకాలి. కొద్దిపాటి కోత మాత్రం తప్పు కాదు. చిన్న ఇన్వర్టరు వల్ల మిగిలే సొమ్మును పోయే యూనిట్ల విలువతో బేరీజు వేసుకోవాలి.

ఏ నెలలో ఎంత వస్తుందో ఈ పట్టీలు చెప్పవు. కోల్డ్ స్టోరేజీ వాడకం వేసవిలో హెచ్చు, జిన్నింగు పని చలికాలంలో జోరు. అందువల్ల ఇద్దరికీ ఒకే గ్రాఫు వచ్చినా లాభం ఒకటి కాదు. గంటలవారీ పట్టిక అడిగి తీసుకోవడం మేలు.

సాధారణంగా లెక్క సగటు ఏడాదికి కడతారు. పి-50 అంటే అంతకు మించడానికి, తగ్గడానికి సమాన అవకాశం. పి-90 అంటే పదింట తొమ్మిదేళ్లు అంతకు తగ్గదని అంచనా. అప్పు వాయిదాలకు రెండవదే ఆధారం చేసుకోవాలి.

ఈ లెక్కలు తరచు గంట సగటు మీద నడుస్తాయి. మబ్బులు వచ్చిపోయే రోజున నిమిషాల్లో జరిగే కోత ఆ సగటులో కలిసిపోతుంది. అందుచేత గోడ వద్ద అసలు నష్టం నివేదిక చూపిన దానికంటె కొంత ఎక్కువే ఉండవచ్చును.